తేదీ దాటిన కార్డు

ప్రవీణకు కాగితాలంటే భయం. వాళ్ల నాన్న కనకయ్య జనగామ దగ్గర మండలాఫీసులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేశాడు. బడి లేని రోజుల్లో ఆమె ఆయన వెంట వెళ్లి వరండా బెంచీ మీద కూర్చునేది. పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడిందని మూడేళ్లు తిరిగిన రైతుల్ని చూసింది. నకలు దొరక్క కంటికీ మింటికీ ఏకధారగా ఏడ్చిన ముసలమ్మను చూసింది. "మాట గాలికి పోతది బిడ్డా, కాయితం నిలబడ్తది" అనేవాడు కనకయ్య. ఆ మాట ఆమెలో ఎంత లోతుగా దిగిందంటే, జర్మనీకి వచ్చిన తొమ్మిదేళ్లలో తన పేరు మీద వచ్చిన ఒక్క ఉత్తరం కూడా పారేయలేదు. ఎష్‌బోర్న్‌లో ఆమె ఉండే ఒంటిగది ఫ్లాట్‌లో బట్టల బీరువా సగం ఫైళ్లే.

ఆఫీసులో ఆమె పని సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. ఆ పనికి ఆమెను మించినవాళ్లు లేరని పేరు. ఆఫీసు అయ్యాక మాత్రం ఎక్కడికీ కదిలేది కాదు. తోటివాళ్లు పారిస్ అనీ ఆమ్‌స్టర్‌డామ్ అనీ తిరిగొస్తుంటే ఫోటోలు చూసి ఊరుకునేది. సెలవొస్తే ఇండియాకు, లేదంటే ఇంట్లో. సరిహద్దు దాటితే ఏ కాగితం అడుగుతారో, ఏది తక్కువ పడుతుందో అన్న బెంగ.

ఆమెను కదిలించాలని తొమ్మిదేళ్లుగా పట్టు విడవని మనిషి ఒక్కతే, అక్షయ. అక్షయది తెనాలి. ఆకెన్‌లో మాస్టర్స్ చేసేటప్పుడు ఇద్దరివీ ఎదురెదురు గదులు. అప్పట్లో ప్రవీణ ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే యూనివర్సిటీలో పేరు కొట్టేస్తారు, ఇక చదువూ లేదు, వీసా లేదు. అక్షయ నలభై రోజులు తన పార్ట్‌టైమ్ పని మానుకుని, రోజూ పొద్దున ఆరింటికి తలుపు తట్టి, ఆ సబ్జెక్టు ఆమె చేత నమిలించి మింగించింది. ప్రవీణ పాసైంది. ఇప్పుడు అక్షయ న్యూరెంబర్గ్ అవతల ఒక చిన్న ఊళ్లో ఉంటోంది. వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తుంది, ప్రతిసారీ ఎక్కడికైనా వెళ్దామంటుంది.

ఈ ఏడు మే నెలాఖరులో గురువారం సెలవు వచ్చింది. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెట్టుకుంటే చాలు. ఫ్రాన్స్‌లో కోల్మార్ అని చిన్న ఊరుంది, ఫ్రైబుర్గ్ నుంచి రైలూ బస్సూ కలిపి గంటన్నర దారి, వెళ్దామా అని అక్షయ అడిగింది. ఏమనుకుందో, ప్రవీణ సరేనంది. తీరా అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

ఫ్రైబుర్గ్ స్టేషన్‌లో కలుసుకున్నారు. సరిహద్దు ఊరు బ్రైజాఖ్‌లో బస్సెక్కి రైన్ నది దాటుతుంటే అక్షయ కిటికీకి ముక్కు ఆనించి, "అదుగో, అయిపోయింది జర్మనీ" అని నవ్వింది. ఎవరూ ఆపలేదు, ఏమీ అడగలేదు. ఇంతేనా అనుకుంది ప్రవీణ. గుండె తేలికపడింది.

ఆ తేలిక హోటలు దాకానే.

రిసెప్షన్‌లో నడివయసు ఆవిడ ఇద్దరి పాస్‌పోర్టులూ అడిగింది. అక్షయ తనది తీస్తుంటే మధ్యలో పెట్టిన రెసిడెన్స్ కార్డు జారి కింద పడింది. ప్రవీణ వంగి తీసింది. ఎవరి కాగితం చేతికొచ్చినా ముందు తేదీ చూడడం ఆమెకు అలవాటు. కార్డు మీద గడువు ఏప్రిల్ ముప్పై. ఆ రోజు మే ఇరవై తొమ్మిది.

కార్డు అక్షయ చేతికిచ్చింది. గదిలోకి వెళ్లి తలుపు వేశాక అడిగింది.

"ఇదేందే?"

"ఏది?"

"నీ కార్డు. నెల కిందనే అయిపోయింది."

అక్షయ మంచం అంచున కూర్చుని బూట్లు విప్పుతోంది. తల ఎత్తలేదు. "అప్లై చేశానులే. గడువు అవకముందే చేశాను. అందినట్టు మెయిల్ వచ్చింది. జూన్ పద్దెనిమిదికి టెర్మిన్ ఇచ్చారు, ఆఫీసుకు రమ్మని."

"ఫిక్షన్ కాయితం తీసుకున్నవా?"

కొత్త కార్డు చేతికి వచ్చేదాకా చెల్లేలా విదేశీయుల ఆఫీసు ముద్ర వేసి ఇచ్చే తాత్కాలిక పత్రం అది. మనవాళ్లంతా ఫిక్షన్ అనే అంటారు.

"తీసుకోలేదు. జర్మనీలో ఉన్నంతవరకు మెయిల్ చాలన్నారు."

"జర్మనీల ఉన్నంతవరకు. ఇప్పుడు మనం ఏడున్నం?"

అక్షయ లేచింది. కిటికీ తెరిచి బయటికి చూస్తూ నిలబడింది. "ఇటు వచ్చేటప్పుడు ఎవరైనా ఆపారా? వెళ్లేటప్పుడూ అంతే" అంది.

"ఫ్రాన్స్ వాళ్లు ఆపలే. జర్మనీ వాళ్లు ఆపుతున్రు. పోయిన సంవత్సరం నుంచి బార్డర్ల చెకింగ్ నడుస్తున్నది. నీకు తెల్వదా?"

తెలుసని అక్షయ మొహమే చెప్పింది.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున, ఇద్దరూ ఊరు తిరిగారు. వచ్చింది అందుకే కాబట్టి తిరిగారు. కోల్మార్ నిజంగా అందమైన ఊరే. కర్రల చట్రాల మధ్య రంగులు పూసిన ఇళ్లు, గులాబీ ఒకటి, నీలం ఒకటి, పక్కన పసుపు. ఇళ్ల గోడలకు ఆనుకునే కాలువ. కిటికీ కింద కట్టేసిన పడవలు. పెద్ద చర్చి కప్పు మీద ఎర్రముక్కు కొంగలు పుల్లలతో గంపంత గూళ్లు కట్టుకున్నాయి. అవి ముక్కులు టకటకలాడిస్తే కింద నడిచేవాళ్లంతా ఆగి పైకి చూస్తున్నారు. అక్షయ ఫోటోలు తీసింది. "ఇటు నిలబడు" అంటే ప్రవీణ నిలబడింది, "నవ్వవే" అంటే నవ్వింది. పోలీసు యూనిఫాం కనబడినప్పుడల్లా మాత్రం ఇద్దరి మాటా ఒకేసారి ఆగిపోయేది. ఒకసారి ఎదురొచ్చిన పోలీసు వాళ్లను చూసి మర్యాదగా తల ఊపి వెళ్లాడు. సందు మలుపు తిరిగేదాకా ప్రవీణ ఆగకుండా నడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం, కాలువ ఒడ్డున పాత మార్కెట్ హాలు బయట మెట్ల మీద కూర్చున్నారు. ఉల్లిపాయలూ మీగడా వేసి కాల్చిన పల్చటి రొట్టె కొనుక్కున్నారు గానీ ఎవరికీ సహించలేదు. అక్షయ వాళ్ల ఊరి ఆఫీసుకు ఫోన్ చేస్తే, సోమవారం దాకా సెలవు అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. సోమవారం దాకా ఇక్కడే ఉన్నా లాభం లేదు. ఆ కాగితం మనిషి వెళ్లి చేత్తో తీసుకోవలసిందే.

అక్షయ శశికాంత్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. శశికాంత్ ఆకెన్‌లో వాళ్లతో చదివినవాడు, ఫ్రైబుర్గ్‌లో ఉద్యోగం.

"అరె, దీనికింత టెన్షన్ ఎందుకు?" అన్నాడు. "రేపు నేను కార్ తీస్కొస్తా. అటు చిన్న బ్రిడ్జి ఒకటి ఉంది, శనివారం అక్కడ ఎవ్వడూ ఉండడు."

అక్షయ మొహంలో వెలుగు వచ్చింది. ప్రవీణ ఫోన్ తన వైపు లాక్కుంది.

"ఉంటే?"

"ఏం?"

"ఒకవేళ ఉంటే, నీ మీద ఏం కేసు పెడ్తరో తెలుసా? కాయితం లేని మనిషిని కార్ల ఎక్కించుకొని బార్డర్ దాటిస్తే దానికి వేరే పేరున్నది. ఇంట్ల ఆర్నెల్ల పిల్ల ఉన్నది నీకు. వద్దు. రాకు."

అటువైపు నుంచి శశికాంత్, "సరే, నువ్వే ఆలోచించు. అవసరమైతే ఫోన్ చెయ్" అని పెట్టేశాడు.

అక్షయకు కోపం వచ్చింది. చాలా ఏళ్లకు వచ్చిన కోపం. "వాడు వస్తానన్నాడు. నువ్వెవరే వద్దనడానికి? ఇరుక్కుంది నేను."

"ఇరుక్కుంటవని తెలిసి ఎందుకొచ్చినవ్?"

"నువ్వు సరే అన్నావ్ కాబట్టి" అంది అక్షయ. "పాత కంపెనీ వాళ్లు ఫిబ్రవరిలో మా టీమ్ మొత్తం తీసేశారు. నీకు చెప్పలేదు. చెబితే నిద్ర మానేసి కూర్చుంటావని. కొత్త ఉద్యోగం దొరికింది, జీతం తక్కువ. అంత తక్కువ జీతానికి ఇక్కడ ఉండి పనిచేసుకునే బ్లూ కార్డు ఇస్తారో ఇవ్వరో తెలీదు. ఇవ్వకపోతే నేను వెళ్లిపోవాలి. తొమ్మిదేళ్లు అడిగితే ఇప్పుడు సరే అన్నావ్. ఈసారి నేను రానంటే ఇంకెప్పుడు వస్తావే నువ్వు? నేనెక్కడుంటాను?"

ప్రవీణ కాలువలోకి చూస్తూ కూర్చుంది. పడవలో వెళ్లేవాళ్లు ఎవరో వీళ్లకు చెయ్యి ఊపారు. "నేను కూడా నీకు చెప్పలే" అంది ప్రవీణ.

"ఏంటి?"

"జర్మన్ పౌరసత్వానికి అప్లై చేసిన. పద్నాలుగు నెలలైంది. నాయినకు కూడా చెప్పలే. మన పాస్‌పోర్టు ఇచ్చేయాలె కదా, ఏమనుకుంటరో అని సిగ్గేసింది. ఫైలు ఇప్పుడు వాళ్ల టేబుల్ మీదున్నది. ఇప్పుడు పోలీసుల దగ్గర నా పేరు పడితే ఏమైతదో నాకు తెల్వది."

అక్షయ ఆమె వైపు తిరిగి చూసింది. కోపం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. రొట్టెను కాగితంలో చుట్టి పక్కన పెట్టింది.

"అయితే రేపు బస్సులో విడివిడిగా కూర్చుందాం. నువ్వు ముందు, నేను వెనక. నువ్వు నాకు తెలీదు, నేను నీకు తెలీదు."

"అట్లెట్ల?"

"అంతే. నన్ను దించేసినా నువ్వు వెళ్లిపో. తిరిగి చూడకు. ఒట్టు వెయ్యి."

ప్రవీణ ఒట్టు వేయలేదు. కానీ కాదనలేదు కూడా. కాదనలేదన్న సంగతే తర్వాత ఎన్నో నెలలు ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

శనివారం పొద్దున ఆమె రిసెప్షన్‌కు వెళ్లి, ప్రింటర్ వాడుకోవచ్చా అని అడిగింది. అక్షయ ఫోన్‌లో ఉన్నవి తీసింది: అప్లికేషన్ అందినట్టు వచ్చిన మెయిల్, టెర్మిన్ ఉత్తరం, కొత్త ఉద్యోగం కాంట్రాక్టు, ఇంటి అడ్రసు రిజిస్టరు చేసిన పత్రం. ఒకదాని వెనక ఒకటి వరసగా పెట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి అక్షయ చేతికిచ్చింది. "అడిగినవే చూపియ్. అడగనిది చెప్పకు. అబద్ధం మాత్రం ఆడకు" అంది.

పన్నెండున్నర బస్సు. స్టాపులోనే ఇద్దరూ నాలుగడుగుల దూరంలో నిలబడ్డారు. బస్సులో పదిహేను మంది ఉంటారేమో. ప్రవీణ డ్రైవరు వెనక రెండో సీట్లో కూర్చుంది, అక్షయ వెనక తలుపు దగ్గర. ద్రాక్షతోటలూ మొక్కజొన్న చేలూ దాటి, పాత కోటగోడల ఊరొకటి దాటి బస్సు పోతోంది. ప్రవీణ వెనక్కి తిరగలేదు. డ్రైవరు అద్దంలో అక్షయ నీలం స్కార్ఫ్ అంచు కనబడుతోంది. దాన్నే చూస్తూ కూర్చుంది.

ముందు పెద్ద కాలువ, ఆ తర్వాత నది. అవతలి గట్టున బ్రైజాఖ్ కొండ, దాని మీద చర్చి. వంతెన సగం దాటాక బస్సు నెమ్మదించింది. చివర తెల్లటి గుడారం, రెండు వ్యాన్లు, పసుపు చొక్కాలు వేసుకున్న పోలీసులు. ఒకతను చెయ్యి ఎత్తాడు.

బస్సు పక్కకు ఆగింది. ముందు తలుపు నుంచి ఒక ఆవిడా, ఆమె వెనక కుర్ర పోలీసూ ఎక్కారు. ఆవిడకు నలభై ఐదేళ్లుంటాయి. ముందు సీటు ముసలాయన కార్డు చూసి ఇచ్చేసి, ప్రవీణ దగ్గర ఆగింది. ప్రవీణ పాస్‌పోర్టూ కార్డూ రెండూ చేతిలోనే పట్టుకుని ఉంది. ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఒక్కరే ప్రయాణం చేస్తున్నారా?"

అంతే అడిగింది. మామూలు ప్రశ్న.

"యా" అంది ప్రవీణ. అవును అని.

నోరు తనది కానట్టు మాట వచ్చేసింది. ఆవిడ కార్డు తిరిగిచ్చి, థాంక్స్ చెప్పి ముందుకు సాగింది. ప్రవీణ కార్డును పాస్‌పోర్టులో పెట్టుకుంది. వెనక ఒక్కో సీటూ దాటుతున్న అడుగుల చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు ఆగింది. ఆవిడ గొంతు జర్మన్‌లో ఏదో అడిగింది. అక్షయ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, జర్మన్‌లోకి మారి, మధ్యలో తడబడింది. ఆఫీసులో అంతా ఇంగ్లిషే కావడంతో అక్షయకు జర్మన్ ఎప్పుడూ సరిగా పట్టుబడలేదు. "అబ్‌గెలాఫెన్" అన్నాడు కుర్ర పోలీసు. గడువు అయిపోయింది అని. బ్యాగు తీసుకుని కిందికి దిగమన్నారు.

డ్రైవరు అద్దంలో నీలం స్కార్ఫ్ లేచి నిలబడింది. అక్షయ ముందు వైపు చూడనైనా లేదు. మాట మీద నిలబడింది.

ప్రవీణ లేచింది. తను లేచినట్టు తనకు తెలిసేసరికి బస్సు మధ్యలో ఉంది.

"నేను మీకు అబద్ధం చెప్పాను" అంది జర్మన్‌లో. గొంతు బస్సంతా వినబడింది. "నేను ఒక్కదాన్నే రాలేదు. ఈమె నా స్నేహితురాలు. ఇద్దరం కలిసి వెళ్లాం, కలిసే వస్తున్నాం."

పోలీసావిడ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "అయితే మీరూ దిగండి."

"ఏం చేశావే నువ్వు" అంది అక్షయ తెలుగులో, గొణిగినట్టుగా. ప్రవీణ ముందుకెళ్లి పైనున్న తన సంచి దించుకుంది. బస్సు వెళ్లిపోయింది.

గుడారం పక్కన ఒక రేకు గది. లోపల రెండు కుర్చీలు, ఒక బల్ల, దాని మీద కంప్యూటరు. బయట ఎండ, లోపల ఉక్క. ప్లాస్టిక్ కవర్లోని కాగితాలు ఒక్కొక్కటీ బల్ల మీదికి వచ్చాయి. ఏది ఎప్పుడు ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ప్రవీణ వివరించింది. అక్షయ మాత్రం పోలీసులు అడిగినవాటికే జవాబు చెప్పింది. కుర్ర పోలీసు కాగితాలు ఫోటోలు తీసుకుని ఎవరికో ఫోన్ చేశాడు. ఇవాళ శనివారం, ఆఫీసులో ఎవరూ ఉండరు అన్నాడు. గంట గడిచింది. అక్షయ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూస్తోంది. మధ్యలో ఒకసారి మాత్రం, "నన్ను అటు తిప్పి పంపిస్తే నువ్వు రావద్దు" అంది. ప్రవీణ బల్ల మీది కాగితాలు మళ్లీ వరసగా సర్దింది.

పోలీసావిడ కంప్యూటరు ముందు నుంచి తల తిప్పి ప్రవీణను అడిగింది. "నాతో ఒక్కదాన్నే అని ఎందుకన్నారు?"

"భయపడ్డాను."

"దేనికి?"

"నా పౌరసత్వం ఫైలు నడుస్తోంది. పేరు చెడుతుందని."

"మరి ఎందుకు లేచారు?"

ప్రవీణకు చెప్పడానికి చాలా ఉంది. ఆకెన్‌లో ఆరింటికి తలుపు తట్టిన నలభై పొద్దులున్నాయి. అవేవీ జర్మన్‌లోకి రాలేదు. "ఆమె ఒక్కతే అయిపోయింది" అంది.

ఆవిడ తల ఊపలేదు, నవ్వలేదు. బల్ల మీది ఫారంలో ఏదో రాసుకుంది. ఏం రాసిందో ప్రవీణకు కనబడలేదు.

ఇంకో ముప్పావు గంట. అప్పుడు విదేశీయుల కేంద్ర రిజిస్టరులో అక్షయ వివరాలు తెరుచుకున్నాయి. కొత్త కార్డుకు దరఖాస్తు ఏప్రిల్ పదకొండున, గడువుకు ముందే, నమోదై ఉంది. ఆవిడ మళ్లీ ఎవరితోనో ఫోన్లో మాట్లాడి, పెట్టేసి, ఇద్దరి ఎదురుగా నిలబడింది.

"దరఖాస్తు టైముకు పెట్టారు కాబట్టి మీ నివాస హక్కు పోలేదు. దాన్ని రుజువు చేసే పత్రం మీ దగ్గర లేదు. అది మీ తప్పు. ఈ రోజు లోపలికి రానిస్తున్నాను. సోమవారం మీ ఆఫీసుకు వెళ్లి ఆ పత్రం తీసుకోండి. అది లేకుండా మళ్లీ ఈ వంతెన దాటితే ఇంకొకరు ఇలా చేయకపోవచ్చు." ఒక కాగితం మీద ఇద్దరి పేర్లూ రాసి, అక్షయ చేత సంతకం చేయించి, నకలు ఆమెకిచ్చింది.

బ్రైజాఖ్ స్టేషన్‌కు నడుచుకుంటూ వచ్చారు. పావుగంట దారి. నది వాసన, ఎవరి పెరట్లోంచో మాంసం కాలుస్తున్న పొగ.

"యా అన్నావ్" అంది అక్షయ.

"వినబడ్డదా?"

"ఊఁ."

"అన్న, నిజమే."

"నేనే కదా అనమంది. నీ చోట ఉంటే నేనూ అదే అనేదాన్ని."

ప్రవీణ ఆగింది. "కాదు. నువ్వు అట్ల అనేదానివి కాదు. నాకు తెలుసు."

అక్షయ ఆమె భుజం మీది సంచి లాగి తన భుజాన వేసుకుంది. "నడు. రైలు పోద్ది" అంది.

అక్షయకు ఆ సోమవారమే తాత్కాలిక పత్రం ఇచ్చారు. ఆగస్టులో కొత్త కార్డు వచ్చింది. బ్లూ కార్డుకు జీతం ఎంత ఉంటే చాలో ఆ లెక్కకు కాస్త పైనే ఉందట.

ప్రవీణకు నవంబరులో పౌరసత్వ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. అంతకు ముందు వారమే ఆమె కనకయ్యకు ఫోన్ చేసి అన్నీ చెప్పింది, దరఖాస్తు సంగతీ వంతెన సంగతీ. ఆయన అంతా విన్నాడు. చివరికి, "ఆ పిల్లను ఒక్కదాన్నే దించి ఇంటికొచ్చి ఉంటే, ఏ పాస్‌పోర్టు ఉండి ఏం లాభం బిడ్డా" అన్నాడు.

పౌరసత్వ ఆఫీసులో పెద్దాయన ఫైలు తెరిచి, పుట్టినతేదీ పత్రం అనువాదం ఒక పేజీ తక్కువుందన్నాడు. ఇంకేమీ అడగలేదు. ప్రవీణే మే నెలలో జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, యా అన్న మాటతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు. తన దగ్గరి ఫైల్లో అలాంటిదేమీ లేదన్నాడు. చెప్పినందుకు మంచిదైందనీ అనలేదు, చెడ్డదైందనీ అనలేదు. పేజీ తెచ్చివ్వండి అన్నాడు.

తెచ్చిచ్చింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా శుక్రవారాలు ఆఫీసు అయ్యాక ప్రవీణ అప్పుడప్పుడు న్యూరెంబర్గ్ రైలెక్కుతోంది. స్టేషన్‌లో అక్షయ ఎదురొస్తుంది. ఆ ఊరి చుట్టూ ఉన్న చిన్న చిన్న ఊళ్లు ఒక్కొక్కటీ నడిచి చూస్తున్నారు. మొన్న ఒకచోట వాన పట్టుకుంటే చర్చి అరుగు మీద రెండు గంటలు కూర్చుని, కాగితాల ఊసు లేకుండా, ఇంకేవేవో మాట్లాడుకున్నారు.